ఆటగాణ్ణి కనిపెట్టేదెవరు, పెంచేదెవరు? ఖరగ్‌పూర్ నుంచి కరీబియన్ దాకా

ఖరగ్‌పూర్ స్టేషన్లో ఒక దిక్కు రైలెక్కితే రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా కోల్‌కతా. రెండో దిక్కు ఎక్కితే ఇంచుమించు అంతే దూరంలో జంషెడ్‌పూర్. మొదటిచోట మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ ఉన్నాయి. రెండోచోట 1987లో పెట్టిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, 2017 నుంచి ఓ ప్రొఫెషనల్ క్లబ్బు కూడా ఉంది. మ్యాపు చూసినవాడెవడైనా ఫుట్‌బాలరు పుట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదనుకుంటాడు. అయినా రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాల్లో బంతి తన్నే కుర్రాడు ఆ క్లబ్బుల కంట్లో పడటం ఇవాళ్టికీ అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

ఈ కుర్రాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) తూర్పు తీరం వెంట లైను వేసి ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టినప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల జనం ఈ ఊరికి వస్తూనే ఉన్నారు. మథురాకాటి, నింపురా లాంటి పేటల్లో మూడు నాలుగు తరాల తెలుగు కుటుంబాలున్నాయి. పిల్లాడు బాగా ఆడుతున్నాడని తెలియగానే ఆ ఇళ్లలో మొదలయ్యే వాదన ఒక్కటే. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం ఆడించాలా, క్లబ్బు కాంట్రాక్టు కోసం ఆడించాలా, ఇంకా పెద్ద ఆశ ఉంటే విదేశం పంపాలా?

ఇదే వాదన సముద్రాల అవతల ట్రినిడాడ్, జమైకా, హైతీల్లోనూ ఏళ్ల తరబడి నడుస్తోంది. రెండు చోట్లా అది చిక్కుపడింది. చిక్కు ఎక్కడ పడిందో చూడాలంటే పాత కథ దగ్గర మొదలుపెట్టాలి.

రైల్వే జట్ల కాలం

మన దేశంలో రైల్వేలు ఆటగాళ్లకు కొలువులివ్వడం కొత్త కాదు. రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలి 1928 నాటిది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకాల్లో రైల్వే జట్టంటే కోల్‌కతా పెద్ద క్లబ్బులకు కూడా బెరుకే. 1958లో ఈస్టర్న్ రైల్వే కలకత్తా లీగ్ గెలిచింది. పి.కె. బెనర్జీ పెద్ద క్లబ్బుల వైపు వెళ్లకుండా ఆ జట్టులోనే ఆడాడు, అక్కడి నుంచే ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఖరగ్‌పూర్‌కి తల్లిలాంటి బి.ఎన్.ఆర్. పేరు మీద నడిచిన జట్టు 1964లో రోవర్స్ కప్ కొట్టింది. అంతకు ముందు ఏడాది ఆ కప్పు ఆంధ్రా పోలీసులది. సంతోష్ ట్రోఫీలో రైల్వేస్ 1961, 1964, 1966ల్లో విజేత.

ఆ రోజుల్లో కొలువుకూ ఆటకూ తగువు లేదు. ఆటలో జీతాలే లేవు కనుక కొలువే జీతం.

హైదరాబాద్ - కోల్‌కతా దారి

ప్రతిభను దూరం నుంచి వెతికి తెచ్చుకోవడం కోల్‌కతా క్లబ్బులకు బాగా తెలిసిన విద్య. ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జ్యోతిష్ గుహ దక్షిణాది మీద కన్నేసి పేర్చిన ఐదుగురి ముందు వరుసను 1950ల తొలినాళ్లలో ‘పంచ పాండవులు’ అనేవారు. ఆ తర్వాత ఎక్కువ మంది వచ్చింది హైదరాబాద్ నుంచి. అక్కడ సయ్యద్ అబ్దుల్ రహీం చేతుల్లో పెరిగిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1966లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చిన మహమ్మద్ హబీబ్, నయీముద్దీన్ ఆ నేల పంటే. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చి మోహన్ బగాన్‌తో ఆడినప్పుడు హబీబ్ గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది.

ఈ చరిత్రలో ఈ వ్యాసానికి అన్నిటికంటే పనికొచ్చే మనిషి తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టాడు, పేదరికంలో పెరిగాడు. రహీం అతని ఆట చూసి పిలిచాడు. పిలిస్తే సరా? రోజూ మైదానానికి వెళ్లి రావడానికి డబ్బులు లేవన్నాడు కుర్రాడు. సైకిల్ అద్దెకు రహీమే డబ్బులిచ్చాడని చెబుతారు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా లీగ్ గెలిపించాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు తొందరగా ఆటను ఆపేసింది. ఆట చివరి రోజుల్లో ఆడింది బి.ఎన్.ఆర్.కే. ఆ తర్వాత బెంగాల్లోనే ఉండిపోయి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

బలరాం కథ చెప్పేవాళ్లు రహీం కంటి చూపును మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ సైకిల్ అద్దె సంగతిని ఓ ముచ్చటగా చెప్పి దాటేస్తారు. అసలు ప్రశ్న ఆ అద్దె దగ్గరే ఉంది.

కొలువు పక్షం

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో ఎక్కువ మంది ఈ పక్షమే. తాత గ్యాంగ్‌మన్, తండ్రి ఫిట్టర్, కొడుకు కోటాలో గుమాస్తా అయితే కుటుంబం ఒక మెట్టెక్కినట్టే. మోకాలు పోయినా జీతం పోదు, పింఛను ఉంటుంది, క్వార్టరు ఉంటుంది. ఈ లెక్కను తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఇంటి అద్దె కట్టి ఎరగనివాళ్లై ఉండాలి.

2025లో ఇండియన్ సూపర్ లీగ్ పడ్డ అవస్థ ఈ పక్షానికి మరింత బలమిచ్చింది. భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నిర్వాహకులకూ మధ్య ఒప్పందం తేలక ఆ ఏడాది జూలైలో కొత్త సీజన్‌ను పక్కన పెట్టారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. 2021-22లో లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. చివరికి పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. రైల్వే గుమాస్తాకు ఆ నెలల్లో ఒకటో తారీఖున జీతం పడింది.

అయితే కోటా నిబంధనలను దగ్గర్నుంచి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం వయసు 18 నుంచి 25. మొత్తం 100 మార్కులు. మైదానంలో ట్రయల్స్‌కి 40, అప్పటికే సాధించిన విజయాలకు 50, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే ‘ఫిట్’ కాదు, మిగతావి లెక్కలోకే రావు. అంటే సగం మార్కులు జేబులో ఉన్న సర్టిఫికెట్లవి. రాష్ట్రం తరఫునో విశ్వవిద్యాలయం తరఫునో ఆడి ఉండాలి. రైల్వే పత్రాల్లో ఒక పద్ధతికి ‘టాలెంట్ స్కౌటింగ్’ అనే పేరు కూడా ఉంది, కానీ అది మరీ పై స్థాయి విజయాలున్నవాళ్ల కోసం. పేరు వెతుకులాటది, పని మాత్రం ఎవరో వెతికిపెట్టిన వాణ్ణి తీసుకోవడం.

ఇక్కడ రెండు పక్షాలూ ఒకే సాక్షిని పిలుస్తాయి. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా ఖరగ్‌పూర్‌లో టికెట్ కలెక్టరు. కోటా లేకపోతే ఆ రెండేళ్లు అతనికి తిండి పెట్టేదెవరంటుంది కొలువు పక్షం. కానీ రైల్వేస్ రంజీ జట్టు అతన్ని ఆడించలేదు కదా అంటుంది ఎదుటి పక్షం. అతని పేరు పై దాకా వెళ్లింది 2003లో జంషెడ్‌పూర్‌లో. క్రికెట్ బోర్డు అప్పట్లో కొత్తగా పెట్టిన ప్రతిభాన్వేషణ విభాగం తరఫున మ్యాచ్ చూసిన బెంగాల్ మాజీ కెప్టెన్ ప్రకాశ్ పోద్దార్ అతని గురించి నివేదిక రాశాడు. మరుసటి ఏడాది ధోనీ భారత్-ఎ జట్టులో ఉన్నాడు. సాక్ష్యం ఇద్దరికీ అనుకూలమే: పోషించినవాడు వేరు, కనిపెట్టినవాడు వేరు.

కాంట్రాక్టు పక్షం

అకాడమీలు కావాలనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. పద్దెనిమిది నిండాక వచ్చే కొలువు ఆటగాణ్ణి తయారు చెయ్యదు. పన్నెండేళ్లకే పట్టుకుని హాస్టల్లో పెట్టి, తిండి, చదువు, శిక్షణ ఒకే చోట ఇవ్వాలి. టాటా అకాడమీ చేసింది ఇంచుమించు అదే. రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, సుబ్రతా పాల్ అక్కడి నుంచి వచ్చి ఏళ్ల తరబడి భారత జట్టుకు ఆడారు.

ఈ మాటలో పొల్లు లేదు. కానీ అలాంటి అకాడమీలో సీట్లు పదుల్లో, దేశమంతటి పోటీ. ఖరగ్‌పూర్ పక్కనే ఉన్నంత మాత్రాన ఖరగ్‌పూర్ కుర్రాడికి ఒరిగేదేమీ లేదు. పైగా ట్రయల్స్ రోజు చూసేది ఎవరిని? ఆ వయసులో ఎత్తు పెరిగినవాణ్ణి. 1985లో రోజర్ బార్న్‌స్లీ బృందం కెనడా ఐస్ హాకీని పరిశీలించి, వయసు లెక్కించే సంవత్సరంలో మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే జట్లలో ఎక్కువగా ఉంటున్నారని చూపింది. తర్వాత ఫుట్‌బాల్లోనూ అదే తేలింది. ఆరేడు నెలల పెద్దరికాన్ని ప్రతిభ అనుకోవడం వెతికేవాళ్ల పాత జబ్బు. బడిలో చేర్చిన రోజు మేష్టారు రాసిందే పుట్టినరోజైన మన దేశంలో ఈ జబ్బుకు మందు ఇంకా కష్టం. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టు ఎం.ఆర్.ఐ. తీయిస్తోంది. జిల్లా స్థాయి ట్రయల్స్‌లో ఎవరు తీయిస్తారు?

కరీబియన్ ద్వీపాల్లో జరిగింది

విదేశం పంపాలనేవాళ్లు చూడవలసింది ఈ ద్వీపాల వైపే. చిన్న దేశాలు, బలహీనమైన సొంత లీగులు, బడి పోటీల్లో పొంగిపొరలే ఆట. అక్కడి వాదనను నిలబెట్టే పేరు డ్వైట్ యార్క్. 1989లో ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లా వెస్టిండీస్ పర్యటనకు వచ్చినప్పుడు టొబాగో కుర్రాడి ఆట మేనేజర్ గ్రేహామ్ టేలర్ కంట్లో పడింది. 1998లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని 1.26 కోట్ల పౌండ్లకు కొంది, మరుసటి ఏడాది మూడు పెద్ద టైటిళ్లు గెలిచింది. 2006లో ట్రినిడాడ్ అండ్ టొబాగో తొలిసారి ప్రపంచకప్ ఆడితే కెప్టెన్ అతనే.

ఆ కథ చెప్పేటప్పుడు మర్చిపోయే పేరు బెర్టిల్ సెయింట్ క్లెయిర్. టొబాగోలో యార్క్‌ని చిన్నప్పటి నుంచి తీర్చిదిద్దిన కోచ్ ఆయన. టేలర్ చూసింది కొన్ని రోజులు, సెయింట్ క్లెయిర్ పెంచింది ఏళ్ల తరబడి.

తర్వాత ఆ దారి ఇరుకైంది. ఇంగ్లండ్ వర్క్ పర్మిట్ కోసం సొంత దేశం ర్యాంకు, ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లు లెక్కకొచ్చాయి. బ్రెగ్జిట్ తర్వాత 2021 నుంచి పాయింట్ల పద్ధతి పెట్టారు, 18 నిండని విదేశీ ఆటగాళ్లను అక్కడి క్లబ్బులు తీసుకోలేవు. దాంతో చుట్టుదారులు పుట్టాయి. జమైకా కుర్రాడు లియోన్ బెయిలీని పెంపుడు తండ్రి, కోచ్ క్రెయిగ్ బట్లర్ చిన్న వయసులోనే యూరప్ తీసుకెళ్లాడు. 18 నిండిన ఆగస్టులోనే, 2015లో, బెల్జియం క్లబ్బు గెంక్‌కి మైదానంలో దిగాడు. అక్కడి నుంచి జర్మనీ, 2021లో ఆస్టన్ విల్లా. మంచి ముగింపే. కానీ పదమూడు పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి ఖండాంతరం దాటించి ఏళ్ల తరబడి ఎదురుచూడగల కుటుంబాలు ఎన్ని?

ఇంకో మార్గం తలకిందులుగా నడుస్తుంది. ఆటగాణ్ణి బయటికి పంపడం మానేసి, బయట పుట్టినవాణ్ణి వెనక్కి పిలవడం. 1998 ప్రపంచకప్‌కి జమైకా రాబీ ఎర్ల్, డియాన్ బర్టన్ లాంటి ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లను జట్టులో చేర్చుకుంది. 2025 నవంబరులో ప్రపంచకప్‌కి అర్హత సాధించిన అతి చిన్న దేశంగా క్యురసావ్ చరిత్రకెక్కింది, దాని ఆటగాళ్లలో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి అక్కడి అకాడమీల్లో పెరిగినవాళ్లే. జట్టు గెలుస్తుంది, ద్వీపంలో ఆడే కుర్రాడి పరిస్థితి మాత్రం మారదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న భారతీయ సంతతి ఆటగాళ్లను రప్పించాలని మన దగ్గర అడుగుతున్నవాళ్లు ఈ రెండో ముక్కను కూడా చదవాలి.

కరీబియన్ ఆటగాళ్లు కోల్‌కతాకు కొత్తవాళ్లు కారు. హైతీ వింగర్ సోనీ నోర్డే 2014 ఐ.ఎఫ్.ఏ. షీల్డ్‌లో బంగ్లాదేశ్ జట్టు షేక్ జమాల్ ధన్‌మండి తరఫున కోల్‌కతాలోనే ఆడి అందరి కళ్లలో పడ్డాడు, మోహన్ బగాన్ చేర్చుకుంది, 2015లో ఐ-లీగ్ గెలిచింది. ట్రినిడాడ్ నుంచి కార్నెల్ గ్లెన్ మోహన్ బగాన్‌కి, విల్లిస్ ప్లాజా ఈస్ట్ బెంగాల్‌కి ఆడారు. ప్లాజా తర్వాత చర్చిల్ బ్రదర్స్‌కి వెళ్లి 2018-19 ఐ-లీగ్‌లో 21 గోల్స్ కొట్టాడు. వీళ్లంతా వచ్చింది పాతికేళ్లు దాటాకే. తయారైన ఆటగాణ్ణి కొనుక్కోవడంలో కోల్‌కతాకూ యూరప్‌కూ తేడా డబ్బులోనే ఉంది, తీరులో లేదు.

పద్దెనిమిదేళ్ల గీత

ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వ అధికరణ 18 లోపు పిల్లల అంతర్జాతీయ బదిలీని నిషేధిస్తుంది. తల్లిదండ్రులు ఆటతో సంబంధంలేని కారణంతో వలస వెళ్లడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. దీన్ని ఉల్లంఘించినందుకే 2014లో బార్సిలోనా మీద నిషేధం పడింది. నకిలీ ఏజెంట్ల చేతికి చిక్కి పరాయి దేశంలో వీధిన పడే పిల్లల సంగతి తెలిసినవాళ్లు ఈ గీతను చెరపమనరు. గీత వల్లే పేద దేశాల పిల్లలు కీలక వయసులో మంచి శిక్షణకు దూరమవుతున్నారనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అందుకే ఈ తగువు ఇప్పట్లో తెగదు.

తక్కువ మంది మాట్లాడేది డబ్బు లెక్క గురించి. ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో అమ్ముడైతే బదిలీ సొమ్ములో 5 శాతం అతన్ని పెంచిన క్లబ్బులకు వెళ్లాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. ఇది కాక శిక్షణ పరిహారం వేరే ఉంది. ఈ సొమ్ము పంచడానికి 2022లో ఫిఫా క్లియరింగ్ హౌస్ కూడా పెట్టింది. చిన్న క్లబ్బుకు పెద్ద మొత్తమే. అయితే పన్నెండేళ్ల వయసులో ఆ పిల్లాడు ఫలానా క్లబ్బులో ఉన్నాడని సమాఖ్య రికార్డులో ఉండాలి. పేరు లేకపోతే పైసా రాదు.

ఖేప్ అనే నాలుగో దారి

కొలువూ కాంట్రాక్టూ విదేశమూ కాక ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న మేదినీపూర్ జిల్లాల్లో ఇంకో దారి ఉంది. దాన్ని ఖేప్ అంటారు. పల్లెటూరి టోర్నమెంటుకు ఒక్క రోజు కోసం డబ్బిచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవడం. ఫ్లడ్ లైట్లు, మైకులు, చుట్టూ జనం. గెలిచిన జట్టుకు నగదు, ఆడినవాడికి మ్యాచ్ ముగియగానే చేతిలో నోట్లు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లూ ఆడతారు, కోల్‌కతా లీగ్ ఆటగాళ్లూ క్లబ్బు కళ్లు కప్పి ఆడతారు. ప్రతిభను వెతికే పని అక్కడ చురుగ్గానే నడుస్తుంది, ఏ ఊళ్లో ఎవడు బాగా ఆడుతున్నాడో ఖేప్ దళారికి తెలిసినంతగా పెద్ద క్లబ్బు స్కౌటుకు తెలియదు.

కాలు విరిగితే మాత్రం ఎవరూ ఉండరు. రికార్డూ ఉండదు. సమీక్షకులు ఈ దారిని తిట్టి వదిలేస్తారు కానీ, పదిహేనేళ్ల కుర్రాడికి బూట్లు కొనిచ్చేది చాలాసార్లు ఆ నోట్లే.

తేలనివి

ఆడపిల్లల సంగతి ఈ వాదనల్లో దాదాపు వినపడదు. విచిత్రంగా, ఇటీవల విదేశీ క్లబ్బు కంట్లో పడిన తెలుగు ఫుట్‌బాలరు ఓ అమ్మాయి. నిజామాబాద్ ప్రాంతపు తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య. 2022లో కోల్‌కతాలో జరిగిన ట్రయల్స్ ద్వారా ఆమె, జ్యోతి చౌహాన్ క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కి ఎంపికయ్యారు. తర్వాత సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కి ఆడి 2024-25 మహిళల లీగ్ గెలిచిన జట్టులో నిలిచింది. ఆమె దారి అందరికీ రహదారి అవుతుందా, ఒక్కసారి తెరుచుకుని మూసుకున్న తలుపా అన్నది చెప్పడానికి మరికొన్ని ఏళ్లు కావాలి.

వీడియోలు, డేటా వచ్చాక స్కౌటు ఊరూరా తిరగక్కర్లేదనే మాటా ఉంది. మ్యాచ్‌ను కెమెరా తీస్తేనే కదా డేటా. జిల్లా లీగ్‌లో అది అరుదు. కాబట్టి ఈ సాధనం ఇప్పటికే కనపడుతున్నవాణ్ణి ఇంకా బాగా చూపిస్తుంది, కనపడనివాణ్ణి అలాగే ఉంచుతుంది.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రైల్వే 18 నిండాక తీసుకుంటుంది. యూరప్ క్లబ్బు 18 నిండాక తీసుకుంటుంది. కోల్‌కతా క్లబ్బు పాతికేళ్ల విదేశీయుణ్ణి తీసుకుంటుంది. అకాడమీ ఒక్కటే ముందుగా తీసుకుంటుంది గానీ చాలా కొద్దిమందినే. పన్నెండు నుంచి పద్దెనిమిది దాకా మిగతా పిల్లలందరి ఖర్చు తండ్రి జీతం మీదా, పేట కోచ్ ఓపిక మీదా, ఖేప్ నోట్ల మీదా పడుతోంది. ఎవరు బాగా వెతుకుతారని యాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నాం, వెతకదగ్గ వయసు దాకా పెంచే ఖర్చు ఎవరిదన్నది పక్షాలన్నీ కలిసి పక్కకు నెట్టిన ప్రశ్న.

దీనికి ఖరగ్‌పూర్‌లో సగం సరంజామా సిద్ధంగానే ఉంది. సౌత్ ఈస్టర్న్ రైల్వే క్రీడా సంఘానికి ఇక్కడ సెర్సా స్టేడియం ఉంది, కోటాలో చేరి ఆట మానేసిన మాజీ ఆటగాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. వాళ్లకు సాయంత్రం రెండు గంటల డ్యూటీగా పిల్లల శిక్షణ అప్పగించి, కాలనీ పిల్లలను పన్నెండేళ్ల నుంచే సమాఖ్య రిజిస్ట్రేషన్ పద్ధతిలో నమోదు చేయిస్తే, కొలువు పక్షం కోరే భద్రతా, కాంట్రాక్టు పక్షం కోరే రికార్డూ రెండూ ఒకే చోట మొదలవుతాయి. అది జరిగే లోపు తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. పిల్లాణ్ణి ఏ క్యాంపులో చేర్చినా ఫీజు కట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: మావాడి పేరు ఏ క్లబ్బు కింద నమోదు చేస్తున్నారు, ఆ కాగితం మాకెప్పుడు చూపిస్తారు?